చెరువు మనది, లెక్కా మనదే కావాలి

మార్చి దగ్గర పడుతుంటే కొన్ని కంపెనీలకు పర్యావరణం గుర్తుకొస్తుంది. సామాజిక బాధ్యత కింద పెట్టాల్సిన ఖర్చు ఆ ఏడాది లెక్కలో చూపించాలి కదా! పోయినేడు మా మండలానికి కూడా అలాంటి కబురొకటి వచ్చింది. నీటి వనరుల పరిరక్షణకు ఒక కంపెనీ నిధులిస్తుందట, మంచి పని చూపిస్తే చాలునట. మండల కమిటీ సభ్యులం నలుగురం కలిసి వెళ్లాం.

మా దగ్గర చూపించడానికి పని ఉంది. గొలుసుకట్టులో పై చెరువు అలుగు పోసినా కింది చెరువుకు నీళ్లు దిగడం లేదు. మధ్యలో పాటు కాలువ పూడిపోయింది, కొన్నిచోట్ల దున్నేశారు కూడా. ఆ కాలువ బాగుచేస్తే రెండూళ్ల ఆయకట్టు నిలబడుతుందని చెప్పాం. వాళ్లు శ్రద్ధగానే విన్నారు. తర్వాత నాలుగు ప్రశ్నలడిగారు. కాలువ ఏ సర్వే నంబర్ల గుండా పోతుంది? గ్రామసభ తీర్మానం ఉందా? ఇప్పుడు చెరువు ఎంత నిండుతోంది, చుట్టూ బోర్లలో నీరు ఎంత లోతులో ఉంది? పని పూర్తయ్యాక మూడేళ్లకు కాలువను ఎవరు చూసుకుంటారు?

ఒక్కదానికీ మా దగ్గర కాగితం లేదు. నెల గడువు అడిగాం. సర్వే నంబర్ల కోసం ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడికి పోతే సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. మార్చి 31 దాటిపోయింది. ఆ సొమ్ముతో మండల కేంద్రంలో రోడ్డు పక్కన చిన్న పార్కు, దాని ముందు కంపెనీ పేరుతో పెద్ద బోర్డు వెలిశాయి. వానాకాలంలో పై చెరువు అలుగు పోసింది. కింది చెరువు సగం కూడా నిండలేదు. యాసంగిలో నాట్లేసిన వాళ్లలో కొందరు వరి పొట్టకొచ్చిన దశలో మడి వదిలేశారు.

కొన్నాళ్లు కంపెనీని తిట్టుకున్నాం, ఆఫీసులను తిట్టుకున్నాం. తిట్టడంలో తప్పు లేదు. కానీ వాళ్లడిగిన నాలుగు ప్రశ్నల్లో అన్యాయమైనది ఒక్కటీ లేదని తర్వాత ఒప్పుకోక తప్పలేదు. అవి మన ఊరు తనను తాను ఎప్పుడో అడగాల్సిన ప్రశ్నలు. నిధులు లేక మన చెరువులు, వాగులు, బంచరాయిలు పాడవుతున్నాయనేది సగం నిజమే. ఊరి వనరుల లెక్క ఊరి చేతిలో లేకపోవడం మిగతా సగం. ఈ నెల ఆ సగం గురించి మాట్లాడదలిచాం.

సొమ్ము ఎక్కడెక్కడ ఉంది?

ముందు పంచాయతీ ఖాతా చూడండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం ఫలానా పనులకే వాడాలని కట్టుబాటు పెట్టింది. అందులో పారిశుధ్యం, తాగునీటితో పాటు వాననీటి సేకరణ, వాడిన నీటిని మళ్లీ వాడుకోవడం ఉన్నాయి. ఊళ్లో వాననీటిని నిలిపే పనికి డబ్బు అడిగితే దయతో ఇచ్చేదేమీ కాదు, ఆ పద్దు అందుకే ఉంది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ నిధులు ఆగిపోతాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిశాక పల్లెలు అనుభవించింది ఇదే.

రెండోది వాటర్‌షెడ్ పథకం. 2021లో మొదలైన రెండో దశలో మైదాన ప్రాంతాల్లో హెక్టారుకు 22 వేల రూపాయల దాకా, కొండ ప్రాంతాల్లో 28 వేల దాకా ఖర్చు పెట్టవచ్చు. నాబార్డుకు వేరే వాటర్‌షెడ్ నిధి ఉంది. 1999-2000లో కేంద్రం 100 కోట్లు, నాబార్డు 100 కోట్లు వేసి దాన్ని మొదలుపెట్టాయి. ఈ నిధి కావాలంటే ఊరు ముందు శ్రమదానం చేసి తన పట్టుదల చూపించాలి. ఉపాధి హామీ పనులు ఏ పేరుతో, ఏ రూపంలో నడిచినా వాటిలో నీటి సంరక్షణకు చోటుంటుంది. పనుల జాబితాలో ఏం పెట్టాలో గ్రామసభలో కూర్చుని చెప్పినవాళ్లదే అక్కడ మాట.

మూడోది కంపెనీల సొమ్ము. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. చట్టం ఏడో షెడ్యూలులో పర్యావరణ సమతుల్యం, మట్టి, నీరు కాపాడటం ఉన్నాయి. సంస్థ ఉన్న చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే చట్టం అంటుంది. మన వాగు పక్కనే ఫ్యాక్టరీ ఉంటే ఈ మాట మనకు పనికొస్తుంది.

గనులున్న జిల్లాల్లో జిల్లా మినరల్ ఫౌండేషన్ ఉంటుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి పెట్టారు. తవ్వకాల వల్ల దెబ్బతిన్న ఊళ్లకు గనుల లీజుదారులు కట్టే సొమ్ము అది. తాగునీరు, పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నియంత్రణ దాని మొదటి ప్రాధాన్యాల్లో ఉన్నాయి. సింగరేణి ప్రాంతంలో గాని, సున్నపురాయి క్వారీల దగ్గర గాని ఉన్న మన శాఖలు ఆ జిల్లా ఫౌండేషన్ ఖర్చుల లెక్క ఎన్నిసార్లు అడిగాయి? అడవి అంచు ఊళ్లకు 2016 చట్టం కింద ఏర్పడ్డ ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి ఉంది. అందులో 90 శాతం రాష్ట్రాలకే వస్తుంది.

ఇక చాలామందికి తెలియనిది జీవవైవిధ్య కమిటీ. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ ఉండాలి, దానికి సొంత నిధి కూడా ఉండవచ్చు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టడంతో హడావిడిగా కమిటీలు వేశారు, రిజిస్టర్లు నింపారు. మీ ఊరి కమిటీలో మీ పేరే ఉందేమో, ఒకసారి పంచాయతీ కార్యదర్శిని అడిగి చూడండి. నవ్వులాట కాదు, మాలో ఒకరికి అలాగే తెలిసింది.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింతలో ఆ కమిటీ పనికొచ్చింది. అక్కడ సేకరించిన వేపాకును ఒక కంపెనీ జపాన్‌కు ఎగుమతి చేసి, చట్టం ప్రకారం జాతీయ జీవవైవిధ్య సంస్థకు వాటా కట్టింది. ఆ వాటాలోంచి 20 వేల రూపాయలు అమరచింత కమిటీకి వచ్చాయి, వేప మొక్కలు పెంచడానికి. చిన్న మొత్తమే. కానీ ఊరి ఆకుకు ఊరికి హక్కుందని కాగితం మీద రుజువైంది. కమిటీ అంటూ లేకపోతే ఆ చిన్న మొత్తం తీసుకోవడానికి కూడా ఊళ్లో దిక్కుండేది కాదు.

ప్లాన్ రాసినవాడిదే పని

ఇన్ని దారులున్నా సొమ్ము మన దాకా ఎందుకు రాదు? నిధి ఎవరిదైనా అడిగే సంగతులు దాదాపు ఒక్కటే. పని ఎక్కడ, ఎవరి భూమిలో? ఎవరు ఒప్పుకున్నారు? ఇప్పుడు పరిస్థితి ఏంటి, తర్వాత ఏం మారుతుంది? డబ్బుకు ఎవరు జవాబుదారీ? ఆఖరున ఎవరు చూసుకుంటారు? వీటికి జవాబులు పట్టుకుని తిరిగేది కాంట్రాక్టర్లు, పట్నం కన్సల్టెంట్లు. వాళ్లు రాసిన ప్లానులో వాళ్లకు గిట్టుబాటయ్యే పనే ఉంటుంది. కాంక్రీటు ఎక్కువ, కాలువ తక్కువ.

మిషన్ కాకతీయ సంగతే తీసుకుందాం. 2015లో మొదలైన ఆ కార్యక్రమం తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకుంది. మన రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి పూడిక మట్టిని పొలాలకు తోలుకున్నారు. ఆ మట్టి పడిన చెలకల్లో ఎరువు ఖర్చు తగ్గిందని చెప్పినవాళ్లు మాలోనే ఉన్నారు. మేలు జరిగింది, కాదనం. అయితే మా మండలంలో కట్ట, తూము, అలుగు పనులు ఎస్టిమేట్లలోకి ఎక్కినంత సులువుగా పాటు కాలువలు ఎక్కలేదు. కట్ట కొలవడం తేలిక. కాలువ కొలవాలంటే ఊరివాళ్లు వెంట నడవాలి, ఇది ఇక్కడిదాకా పారేదని వేలెత్తి చూపాలి. మనం నడవలేదు, చూపలేదు. అందుకే గిన్నె తోమి పెట్టినా నీళ్లు పోసే దారి మూసుకుపోయే ఉంది.

ఇంతకు ముందు ఈ పని చేయాల్సిన వ్యవస్థ ఒకటుండేది. 1997లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో ఏళ్ల తరబడి ఎన్నికల ఊసే లేదు. చెరువుకు ఎన్నికైన రైతు ప్రతినిధి లేకపోతే కాగితాల సంచి ఎవరి భుజాన ఉండాలి?

కొలిచినవాడి మాట చెల్లుతుంది

రైతులు లెక్క రాయలేరని అనేవాళ్లకు మన దగ్గరే జవాబుంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని 638 ఊళ్లలో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల నిర్వహణ ప్రాజెక్టు ఒకటి నడిచింది. 2003 తర్వాత కొన్నేళ్ల పాటు నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన పని అది. రైతులే, ఆడామగా, వానమాపకం చూసి రాసుకున్నారు. ఎంచుకున్న బోర్లలో నీటి మట్టం కొలిచారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఎంత నీరుంది, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క కట్టారు. పంట నీటి బడ్జెట్ అన్నారు దాన్ని. ఈ పంటే వేయాలని ఎవరికీ ఆజ్ఞ లేదు. లెక్క గోడ మీద కనబడితే వరి తగ్గించి ఆరుతడి వేసినవాళ్లున్నారు.

ఆ ప్రాజెక్టు ముగిసింది, విదేశీ సొమ్ము ఆగింది. గ్రాంటు స్వభావమే అంత, దానికి మొదటి తారీఖు, ఆఖరి తారీఖు ఉంటాయి. కానీ తాడుకు బరువు కట్టి బోరులో దించి నీటి మట్టం కొలిచే విద్యకు గడువు లేదు. దానికి కావాల్సింది ఒక తాడు, ఒక నోటు పుస్తకం, ప్రతి పదిహేను రోజులకూ పది నిమిషాలు. రేపు నిధి ఇచ్చేవాళ్లు ఇప్పుడు పరిస్థితి ఏంటి అని అడిగితే రెండేళ్ల పుస్తకం ముందు పెట్టిన ఊరికీ, ‘బోర్లు ఎండిపోతున్నాయి సార్’ అని చేతులు కట్టుకుని చెప్పిన ఊరికీ తేడా ఉంటుంది.

మన ఇంటి సంగతి

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సింది. పాటు కాలువను దున్నింది బయటివాళ్లు కాదు. నీళ్లు రాని ఏళ్లలో కాలువ ఖాళీగా కనిపించింది, పక్క రైతు రెండు సాళ్లు ముందుకు జరిగాడు, తర్వాతి ఏడు ఇంకో రెండు. శిఖం భూమిలోనూ అదే కథ. వాళ్లలో మన సభ్యులున్నారు. సర్వే చేయించాలని తీర్మానం పెడితే మొదట ముఖం చిట్లించేది మనలోనే కొందరు.

ఇందులో రెండు రకాల వాళ్లున్నారు. వేరే ఆధారం లేక కాలువ గట్టున నాలుగు గుంటలు చేసుకునే పేద రైతు ఒకరు. పది ఎకరాలుండి చెరువు లోపలికి కంచె వేసినవారు ఇంకొకరు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటివారికి ప్రత్యామ్నాయం చూపించమని అడగడం సంఘం పని. రెండోవారిని కంచె తీయమని అడగడం కూడా సంఘం పనే, ఆయన మన జెండా పట్టుకున్నవారైనా సరే. ఇది చేయకుండా ఎన్ని కోట్లు తెచ్చినా నీళ్లు కింది చెరువుకు చేరవు. నిధికి దరఖాస్తు పెట్టేముందు మనకు మనం పెట్టుకోవాల్సిన దరఖాస్తు ఇది.

సంఘం పాత్ర ఎంతవరకు?

రైతు సంఘమే గ్రాంట్లు తీసుకుని పనులు చేయవచ్చు కదా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. మా అభిప్రాయంలో వద్దు. కంపెనీ సొమ్ముతో పని చేసే సంస్థకు కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను మినహాయింపు పత్రాలు, బయటి సంస్థ అయితే కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలి. విదేశీ సొమ్ముకు ఇంకా కట్టుదిట్టం. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదలాయించడానికి లేదు. రైతు సంఘాలను రాజకీయ స్వభావం గల సంస్థలని చెప్పి ఆపే వీలు కూడా ఆ చట్టం నిబంధనల్లో ఉంది.

చట్టం ఒప్పుకున్నా మేం వద్దనే అంటాం. ఈ రోజు వాగు బాగుకు సొమ్మిచ్చిన ఫ్యాక్టరీ రేపు అదే వాగులో మురుగు వదిలితే నోరెత్తాల్సింది సంఘమే. చెయ్యి చాచినవాడి గొంతు పెగలదు. డబ్బు పంచాయతీకో, సాగునీటి సంఘానికో, జీవవైవిధ్య కమిటీకో, నమ్మకమున్న స్థానిక స్వచ్ఛంద సంస్థకో వెళ్లాలి. కాగితం తయారు చేయించడం, గ్రామసభకు జనాన్ని తేవడం, ఖర్చు లెక్క అడగడం సంఘం చేయాలి. ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీని దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. గ్రాంటు పనులకూ ఆ పద్ధతే పెట్టాలి. కంపెనీ ఇచ్చిన ప్రతి రూపాయీ ఊరి నడుమ గోడ మీద రాయాలి.

చెరువులు బాగుచేయడం ప్రభుత్వ బాధ్యత, మనమెందుకు కంపెనీల గడప తొక్కాలని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్న సరైనదే. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో చిన్నతరహా సాగునీరు, వాటర్‌షెడ్, భూసార సంరక్షణ పంచాయతీల అంశాలుగా ఉన్నాయి. వాటికి తగిన నిధులు, సిబ్బంది ఇవ్వాలని పోరాడుతూనే ఉండాలి. గ్రాంటు ఆ బాధ్యతకు బదులు కాదు. మీకు కంపెనీ ఇచ్చింది కదా అని సర్కారు తప్పుకుంటే ఊరుకోకూడదు. కానీ కలెక్టరాఫీసు ముందు ధర్నాలో కూర్చున్నప్పుడు కూడా చేతిలో సర్వే నంబర్లు, తీర్మానం, నీటి మట్టాల పుస్తకం ఉంటే మన డిమాండును పక్కన పెట్టడం అంత తేలిక కాదు. అడిగేది సర్కారునైనా కంపెనీనైనా కావాల్సిన కాగితం ఒక్కటే.

వానలు పడేలోగా

ప్రతి గ్రామ శాఖ ఈ ఎండాకాలం చేపట్టాల్సిన పనులు చెబుతున్నాం.

ఒకటి, ఊరి నక్షా సంపాదించండి. చెరువు, పాటు కాలువ, వాగు, బంచరాయి సర్వే నంబర్లు ఒక కాగితం మీద రాయండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

రెండు, పాత నీరటికాళ్లను, ఊరి పెద్దమనుషులను వెంటబెట్టుకుని కాలువ మొదటి నుంచి చివరిదాకా నడవండి. ఎక్కడ పూడింది, ఎక్కడ దున్నారు, ఎక్కడ రోడ్డు అడ్డం వచ్చిందో రాయండి. ఫోన్లో ఫొటోలు తీయండి.

మూడు, ఊరికి నాలుగైదు బోర్లు ఎంచుకుని నీటి మట్టం కొలవడం మొదలుపెట్టండి. బడి పిల్లలకు నేర్పితే మనకంటే బాగా చేస్తారు.

నాలుగు, గ్రామసభలో ఒకే ఒక్క పనికి తీర్మానం చేయించండి. పది కోరికల జాబితా వద్దు. ఆ తీర్మానంలోనే ఏటా కాలువ శుభ్రం చేసేదెవరు, ఖర్చు ఎకరానికి ఎంత వేసుకుంటారు అన్నది రాయించండి. భూమి లేని కూలీలు, గొర్రెల కాపర్లు, చేపలు పట్టేవాళ్లు ఆ సభలో ఉండేలా చూడండి. చెరువు ఆయకట్టు రైతులది మాత్రమే కాదు.

ఐదు, పంచాయతీ ఖాతా, జిల్లా మినరల్ ఫౌండేషన్, జీవవైవిధ్య కమిటీ లెక్కలు అడగండి. అడిగినట్టు రసీదు తీసుకోండి.

మా మండలంలో ఈ పని మొదలైంది. పోయిన నెలలో కాలువ వెంట నడిచాం. కాలువను దున్నుకున్నవారు ఆరుగురని తేలింది. నలుగురు వెనక్కి జరగడానికి ఒప్పుకున్నారు. మిగతా ఇద్దరిలో ఒకరికి నిజంగానే వేరే భూమి లేదు, ఆయన సంగతి తహసీల్దారు దగ్గర పెడుతున్నాం. ఇంకొకరు మన సంఘంలో చాలా ఏళ్లుగా ఉన్న సభ్యుడు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వాళ్లింటికి వెళ్తున్నాం. గ్రామసభ ఆ తర్వాతే.